లెక్కలో ఒకరు ఎక్కువ

జూన్ 4

సబ్బులు రెండు. అగ్గిపెట్టె ఒకటి. పాలు రాలేదు.

ఈ పుస్తకంలో ఇంటి సామాను తప్ప వేరే ఏదీ రాసే అలవాటు నాకు లేదు. ఇవాళ రాయాలి. అంటుజ్వరం వల్ల జైల్లో కొత్త ఆర్డరు వచ్చింది. ఇక నుంచి ఖైదీల లెక్క తలుపు బయట నిలబడే తీసుకోవాలి. లోపలికి వెళ్లకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు.

ఇన్నాళ్లూ ఎలా చేశామో రాసి పెట్టుకుంటున్నాను. రేపు కొత్తవాళ్లకు చెబితే నమ్మరు. మనుషుల్ని జంటలుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి భుజం తడుతూ వెళ్లేవాళ్లం. నేను వార్డరుగా చేరినప్పుడు పని నేర్పిన ముసలి హెడ్ వార్డరు, "కళ్లతో కాదురా, చేత్తో లెక్కపెట్టు" అనేవాడు. తడితే దుప్పటి కింద మనిషి ఉన్నాడో, బట్టల మూట ఉందో తెలిసిపోతుంది. ఎవరి ఒళ్లు కాలుతోందో కూడా తెలిసిపోతుంది. లోపలివాళ్లు నాకు భుజాల సారు అని పేరు పెట్టారు. నా ఎదురుగా అనరు.

లెక్క సరిపోతే గంట కొడతారు. గంట పడేదాకా పెద్ద గేటు తెరుచుకోదు. డ్యూటీ దిగినవాడైనా, సూపరింటెండెంటైనా లోపలే ఉండాలి. ఒకసారి ఒకడు వంటశాలలో బస్తాల వెనక నిద్రపోయాడు. వాడు దొరికేసరికి అప్పటి సూపరింటెండెంటు తన పెళ్లిరోజు కేకును ఫోన్లోనే చూసుకున్నాడు.

ఇప్పుడు దూరం నుంచి తలలు లెక్కపెట్టాలట. సరే. ఆర్డరు ఆర్డరే.

జూన్ 7

జ్వరం వచ్చినవాళ్లందరినీ చివరి బ్యారక్‌లోకి మార్చారు. ఊచల తలుపు ఒకటి, ఫ్యాను ఒకటి. గంజీ మాత్రలూ తలుపు కింద సందులోంచి తోస్తున్నాం. కాంపౌండరు తలుపుకి నాలుగు బారల దూరంలో నిలబడి, "ఎవరికైనా ఎక్కువైందా?" అని అరుస్తాడు. ఎక్కువైనవాడు తిరిగి ఎలా అరుస్తాడని నేను అడగలేదు.

ఉదయం లెక్క నాది, సాయంత్రం లెక్క బావది. బావ నాకు చుట్టం కాదు. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. అప్పటి నుంచి నాకు వాడు బావ, వాడికి నేను బావ.

నాకేం భయం లేదు.

జూన్ 8

వసారాలో పడుకుంటున్నాను. ఇంట్లోకి పోవడం లేదు. అన్నం గిన్నె గడప మీద పెట్టి మా ఆవిడ వెనక్కి జరుగుతుంది, అప్పుడు నేను తీసుకుంటాను. అమ్మాయి కిటికీలోంచి చూసి, "నాన్నా, నువ్వే ఖైదీలా ఉన్నావు" అంది. నవ్వాను.

ఇంటి ఓనరమ్మ మేడ మీద నుంచి తొంగి చూసింది. "ఏమ్మాయ్, మీ ఆయన్ని కొన్నాళ్లు అక్కడే ఉండమనరాదూ? మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు."

మా ఆవిడ తువ్వాలు దులుపుతూ, తల కూడా ఎత్తకుండా జవాబిచ్చింది. "ఇన్నేళ్లు దొంగల దగ్గరి నుంచి తిన్నగా మీ ఇంటికే వచ్చారు కదా పిన్నిగారూ, అప్పుడు లేని భయం ఇప్పుడు దగ్గితే వచ్చిందా? మొన్న మీ బీరువా తాళం బిగుసుకుపోతే ఎవర్ని పిలిచారు?"

ఆ తాళం తీసింది నేనే. మేడ మీద తలుపు పడింది.

జూన్ 11

తాత పోయాడు.

చివరి బ్యారక్‌లో అందరికంటే పెద్దవాడు. అందరికీ తాతే. సాయంత్రం లెక్క సరిపోయింది. గంట కూడా కొట్టారు. గంజి గిన్నె ఖాళీగా వెనక్కి రాకపోతే, పక్క చాప మీదుండే దర్జీ పాకుతూ వెళ్లి దుప్పటి తీశాడు. అందరూ జ్వరంతో పడి ఉన్నవాళ్లే. నిద్రపోతున్నాడనుకున్నారట.

కాంపౌండరు ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకుని లోపలికి వెళ్లి చూశాడు. పోయి చాలాసేపయిందన్నాడు. తెల్లవారకముందే పోయి ఉండొచ్చన్నాడు.

ఉదయం లెక్క నాది. తలుపు దగ్గర నిలబడి చూశాను. దుప్పటి కదిలింది.

జూన్ 12

దుప్పటి కదిలింది. నా కళ్లతో చూశాను.

జూన్ 13

పెద్దసారు పిలిచాడు. సూపరింటెండెంటును మేం అలాగే అంటాం.

"ముసలాయనకు గుండె జబ్బు. మన జైల్లో జ్వరంతో ఎవరూ పోలేదు. పైకి అలాగే రాశాం. నిన్నెవరైనా అడిగితే అదే చెప్పు."

"గుండె జబ్బు ఉందా సార్?"

"ఆ వయసులో ఎవరికుండదయ్యా?"

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఇంట్లో తల్లికి ఊపిరితిత్తుల జబ్బు. నాతో మాట్లాడుతూనే చేతులకు మందు పూసుకున్నాడు. ఆరకముందే మళ్లీ పూసుకున్నాడు. చేతులు ఎర్రగా పొట్టు లేచిపోయి ఉన్నాయి.

బంగాళాదుంపలు. ఉప్పు. మా ఆవిడ తెచ్చింది. కొట్టువాడు సరుకు అరుగు మీద పెట్టి, కర్రతో ముందుకు నెట్టాడట.

జూన్ 15

దర్జీకి ఎక్కువైంది.

ఇప్పుడు మా అందరి ముఖాల మీదున్న మాస్కులు వాడు కుట్టినవే. జ్వరం రాకముందు రోజంతా మిషను తొక్కేవాడు. నాది ఇచ్చేటప్పుడు, "మీకు మాత్రం ఒక అంగుళం ఎక్కువ వేశాను సార్. ఆ ముక్కుకి మామూలు గుడ్డ చాలదు" అన్నాడు. బావ మూడు రోజులపాటు దాన్ని తలుచుకుని నవ్వాడు.

ఉదయం తలుపు దగ్గర నిలబడితే దర్జీ చెయ్యెత్తాడు. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "రోజూ తట్టేవారు సార్. నన్ను... లెక్కలోంచి... కొట్టేశారా?"

కాంపౌండరుకు చెప్పాను. ఆసుపత్రికి పంపకపోతే కష్టమన్నాడు. ఇద్దరం పెద్దసారు దగ్గరికి వెళ్లాం.

"పోలీసు ఎస్కార్టు లేకుండా ఆసుపత్రివాళ్లు ఖైదీని తీసుకోరు. ఎస్కార్టు అడిగితే మనుషుల్లేరంటున్నారు. ఇంకో రెండు రోజులు చూద్దాం."

"ఎక్కడి నుంచి చూద్దాం సార్?" అన్నాను.

పెద్దసారు నా వైపు చూశాడు. "ఏమన్నావు?"

"ఏం లేదు సార్."

జూన్ 16

తాత చాప ఖాళీగానే ఉంది. దుప్పటి ఎవరూ మడత పెట్టలేదు. ఉదయం లెక్కప్పుడు చూస్తూ నిలబడ్డాను. ఫ్యాను గాలి నేరుగా ఆ చాప మీదికే వస్తుంది. దుప్పటి కదులుతూ ఉంది.

మధ్యాహ్నం పెద్దసారు గదికి వెళ్లాను. లోపలికి వెళ్లి చేత్తో లెక్క తీసుకుంటానన్నాను.

"లోపల కాలు పెట్టినవాడు పదిహేను రోజులు బయటికి రాకూడదు. అది ముసలాయన పోయాక నేనిచ్చిన ఆర్డరు. ఎవరికైనా అంతే. వెళ్తావా?"

జవాబు చెప్పకుండా వచ్చేశాను.

బావకు చెబితే తల పట్టుకున్నాడు. "పిచ్చెక్కిందా నీకు? ఆ దర్జీ కోసం నువ్వు చస్తావా? నీకేమన్నా అయితే మీ ఆవిడ ముందు నా పీక నొక్కుతుంది. నీ మీద ప్రేమతో కాదు, ఆవిడంటే భయంతో వద్దంటున్నాను."

"నువ్వు లోపలికి రావద్దు. లెక్కపెడితే చాలు."

"అదే కదా రోజూ చేస్తున్నది!"

జూన్ 17

దర్జీ సంగతీ, నేను లోపలికి వెళ్తున్న సంగతీ ఇంట్లో చెప్పాను. గడపకి అటు ఆమె, ఇటు నేను.

"ఎవరు వెళ్లమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఆ మనిషి ఏం చేసి లోపలికొచ్చాడు?"

"అడగలేదు."

"ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదా?"

"నా పని అడగడం కాదు."

ఆమె లేచి సంచి సర్దింది. తువ్వాలు, రెండు సబ్బులూ, నా బీపీ మాత్రలు. "తిన్నాక వేసుకోండి. తినకముందు కాదు. నేను లేకపోతే మీరు తినకముందే వేసుకుంటారు, నాకు తెలుసు." సంచి గడప మీద పెట్టి, నన్ను చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు చాలాసేపు చప్పుడు చేశాయి.

అమ్మాయి ఈ పుస్తకం తెచ్చి సంచిలో పడేసింది. "నాన్నా, భయం వేస్తోందా?"

"లేదు" అన్నాను.

ఇక్కడ రాస్తున్నాను. వేస్తోంది.

జూన్ 19, ఉదయం

చివరి బ్యారక్‌లో కూర్చుని రాస్తున్నాను. నిన్నటిది ఒక్కటీ వదలకుండా రాయాలి.

నిన్న ఉదయం గంజి బండితో వచ్చాను. తాళం తీసి లోపలికి అడుగుపెట్టి, తలుపు దగ్గరికి లాగి, "తాళం వేసి, చెవి బావకివ్వండి" అని కాంపౌండరుతో అన్నాను. మాస్కు వెనక అతని నోరు తెరుచుకోవడం బయటికే తెలిసింది. వెళ్లి పెద్దసారుకు చెప్పాడట. "వెళ్లాడు కదా, ఉండనీ. ఆర్డరు ప్రకారం పదిహేను రోజులూ ఉంటాడు" అన్నాడట.

ముందు దర్జీ దగ్గరికి వెళ్లాను. భుజం తట్టాను. బట్ట మీద నుంచే చెయ్యి చురుక్కుమంది. కళ్లు తెరిచి, "మాస్కు... సరిపోయిందా సార్?" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఊపిరి రంపం కోస్తున్నట్టుంది. నీళ్లు తాగించాను, తడిగుడ్డ వేశాను. అంతకంటే నా చేతిలో ఏం లేదు.

సాయంత్రం లెక్క వేళకి లేవగలిగినవాళ్లు జంటలుగా కూర్చున్నారు. నేను తాత చాప మీద కూర్చుని తాత దుప్పటి కప్పుకున్నాను. ఇలా చేయాలని ముందే అనుకున్నానా అంటే, తాళం వేయించుకున్నప్పుడే అనుకున్నాను.

బావ ఊచల బయట నిలబడి వేలు ఊపుతూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచీ పెట్టాడు.

"బావా, పక్కకు జరుగు. లెక్క చెడుతోంది."

"జరగను."

"నువ్వు లెక్కలోకి రావు."

"తలలు లెక్కపెట్టమన్నారు. నాకు తల ఉంది."

"ఆ విషయం మీద నాకెప్పుడూ అనుమానమే!" అని అరిచాడు. "లే బావా. గంట కొట్టాలి. నా పిల్లలు ఎదురుచూస్తుంటారు."

నేను లేవలేదు. బావ తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయాడు.

"ఏంటా చప్పుడు?"

"దర్జీ ఊపిరి."

"ఇక్కడికి వినిపిస్తోందా?"

బావ ఊచలు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అలాగే నిలబడి విన్నాడు. తర్వాత గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లాడు. వాడి గొంతు మాకందరికీ వినిపిస్తోంది.

"సార్, చివరి బ్యారక్ లెక్క తేలడం లేదు. ఒకరు ఎక్కువ... లేదు సార్, తక్కువ కాదు, ఎక్కువ... నేను తాగలేదు సార్... ఎవరంటే ఎలా చెప్పను? అందరికీ మాస్కులే, అందరికీ దుప్పట్లే. దగ్గరికెళ్లి చూడొద్దని మీరేగా అన్నారు!"

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "నా ఉద్యోగం పోతే మీ వసారాలోనే పడుకుంటాను. చెప్పి పెట్టుకో."

గంట పడలేదు. గేటు దగ్గర డ్యూటీ దిగినవాళ్ల గోల మొదలైంది. "ఇంకెంతసేపు?" అని ఒకడు అక్కడి నుంచి కేక వేస్తే, బావ ఇక్కడి నుంచి అందుకున్నాడు. "తక్కువైతే వెతికి తెస్తాం. ఎక్కువైతే ఏం చేయమంటావు, ఒకణ్ని వదిలేయమంటావా?" బ్యారక్‌లో నవ్వు మొదలైంది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. చాలా రోజుల తర్వాత విన్నాను.

పెద్దసారు వచ్చాడు. ముఖానికి ప్లాస్టిక్ తెర, చేతులకు తొడుగులు. ఊచలకి దూరంగా నిలబడ్డాడు.

"ఆ మూల కూర్చున్నది ఎవరో నాకు తెలుసు. లే."

"లెక్క తేలాక లేస్తాను సార్."

"తేలేదేముంది? నిన్ను తీసేస్తే సరిపోతుంది." బావ వైపు తిరిగి, "గంట కొట్టించు" అన్నాడు.

నాకు పెద్దవాళ్లతో మాట్లాడటం చేతకాదు. అయినా అన్నాను. "మొన్న లేని తాతను కలుపుకుని గంట కొట్టాం. ఇవాళ ఉన్న నన్ను తీసేసి కొడతారా సార్? అయితే లెక్క ఎందుకు? మీకు ఎంత కావాలో చెప్పండి, రోజూ అంతే రాసుకుందాం."

ఎవరూ దగ్గలేదు. దర్జీ ఊపిరి ఒక్కటే.

పెద్దసారు ఆ చప్పుడు విన్నాడు. వింటున్నట్టు ముఖంలో తెలిసింది. గేటు వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. బావ వైపు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వు."

లోపలికి వచ్చాడు. మొదటి జంట ముందు ఆగి, ఎలా చేయాలో తెలియనట్టు నన్ను చూశాడు. "తట్టండి సార్" అన్నాను. తట్టాడు. ఒక్కొక్కరినీ తడుతూ, పెదవులు కదుపుతూ, చిన్నపిల్లాడు ఎక్కం చెప్పినట్టు వచ్చాడు. దర్జీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. భుజం మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"తొడుగులోంచి కాలుతోంది" అన్నాడు.

"మీ మాస్కు కుట్టింది ఇతనే సార్."

పెద్దసారు లేచి ఆఖరున నా భుజం తట్టాడు. కొంచెం గట్టిగానే. "ఒకరు ఎక్కువ" అన్నాడు. తర్వాత బయటికి తిరిగి, "బండి తీయమను! ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తాను. ఎస్కార్టుగా ఎవరు?"

"నేను సార్" అన్నాడు బావ. "యూనిఫాం ఉంది, బేడీలున్నాయి. భయం కూడా ఉంది. చాలదా?"

లోపలివాళ్లు స్ట్రెచరు మీద ఎక్కిస్తున్నప్పుడు దర్జీ చెయ్యి నా భుజం మీద పడింది. తట్టాడో, జారిందో తెలియదు. తట్టాడనే రాసుకుంటున్నాను.

అందరూ వెళ్లాక పెద్దసారు తలుపు దాటబోయి ఆగాడు. లోపల కాలు పెట్టినవాడు పదిహేను రోజులు. ఎవరికైనా అంతే. తన ఆర్డరు తనకి అప్పుడు గుర్తొచ్చింది. "ఆఫీసు గదిలో నాకు పక్క వేయించండి. ఇంటికి కబురు చెయ్యండి" అని కాంపౌండరుతో అని, ఎవరికీ తగలకుండా గోడ వారగా నడుచుకుంటూ వెళ్లాడు.

అప్పుడు గంట కొట్టారు.

జూన్ 20

బావ తిరిగొచ్చాడు. దర్జీకి ఆక్సిజన్ పెట్టారు. వార్డు దగ్గర కాపలాకు పోలీసులు దొరికారట. ఇన్నాళ్లూ లేనివాళ్లు.

బావను కూడా ఇంటికి పోనివ్వలేదు. మా తలుపు బయట వరండాలో చాప వేశారు. "నువ్వు లోపల, నేను బయట. ఇద్దర్లో ఖైదీ ఎవరో నాకర్థం కావడం లేదు" అంటున్నాడు.

జూన్ 22

గంజి గిన్నెతో పాటు తలుపు కింద నుంచి మెమో వచ్చింది. పద్దెనిమిదో తేదీ సాయంత్రం లెక్కలో ఒకరు ఎక్కువ కావడానికి కారణం ఏమిటో, విధి నిర్వహణకు ఆటంకం కలిగించినందుకు నాపై ఎందుకు చర్య తీసుకోకూడదో రాతపూర్వకంగా తెలపాలట. సంతకం పెద్దసారుది.

"నాకూ వచ్చింది, ఎక్కువ లెక్కపెట్టినందుకు" అన్నాడు బావ. "ఉన్నన్ని పెట్టానని రాసిచ్చేశాను."

జూన్ 23

బావ ఫోను ఊచల్లోంచి అందించాడు. మా ఆవిడ.

"ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"పోతే పోయింది. ఊళ్లో బిగుసుకుపోయిన తాళాలకేం కొదవ?" అంతలోనే, "మాత్రలు తిన్నాకే వేసుకుంటున్నారా?"

"ఆఁ."

"అబద్ధం" అని పెట్టేసింది.

జూన్ 25

ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. ఎండ వల్ల.

జూన్ 26

ఎండ వల్ల కాదు.

జూన్ 30

జ్వరం దిగింది. నాలుగు రోజులు తాత చాప మీదే పడి ఉన్నాను. లోపలివాళ్లే నీళ్లు తాగించారు. సాయంత్రం లెక్కప్పుడు వాళ్లలో ఒకరు లేచి అందరి భుజాలూ తట్టి, ఊచల బయటున్న బావకు గట్టిగా చెప్పేవారట. నా భుజం కూడా తట్టారు. అందులో ఒకటి రెండు సార్లు నాకు తెలుసు. ఇలా చేయమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఆపమనీ ఎవరూ అనలేదు. ఆఫీసు గది కిటికీలోంచి ఇటు చూస్తే అంతా కనిపిస్తుంది.

జూలై 2

దర్జీకి ఆక్సిజన్ తీసేశారు. లేచి కూర్చుంటున్నాడట. వాడు కబురు పంపాడు: "భుజాల సారుకు జ్వరంలో ముక్కు తగ్గిందేమో కనుక్కోండి. కొత్త కొలత తీసుకోవాలి." ఆ పేరు నాకు తెలిసేలా అనడం ఇదే మొదటిసారి.

రేపు బయటికి పంపుతారట. సంజాయిషీ రాసిస్తే సస్పెన్షను లేకుండా చూస్తాను, పొరపాటైందని ఒక్క ముక్క రాస్తే చాలని పెద్దసారు బావతో చెప్పి పంపాడు.

"రాసెయ్ బావా. ఒక్క ముక్కే కదా" అన్నాడు బావ.

జూలై 3

రాశాను. దీనికి నకలు ఉండాలని ఇక్కడ కూడా రాస్తున్నాను.

"అయ్యా, పద్దెనిమిదో తేదీ లెక్కలో ఎవరూ ఎక్కువ కాలేదు. ఉన్నవాళ్లం ఉన్నాం. మీరు కూడా చేత్తో తట్టి చూశారు. అంతకుముందు వారం ఒకరు తక్కువయ్యారు. ఆ రోజు ఉదయం లెక్కా సరిపోయింది, సాయంత్రం లెక్కా సరిపోయింది, రెండుసార్లూ గంట కొట్టాం. దానికి ఇంతవరకూ మెమో రాలేదు. అది కూడా ఇప్పించగలరు. ముందు నాకే ఇప్పించండి. ఉదయం లెక్క నాది. నేను చూసినప్పుడు కదిలింది దుప్పటి. మనిషి కాదు."

కింద సంతకం పెట్టాను. బావ చదివి, "ఆ ఒక్క ముక్క ఏదీ?" అన్నాడు.

"ఉంది. మళ్లీ చదువు."

మళ్లీ చదవలేదు. తీసుకోవడానికి ఊచల్లోంచి చెయ్యి పెట్టాడు. నేను ఇవ్వలేదు. కాగితాన్ని కడిగిన గంజి గిన్నెలో పెట్టి, నేల మీద కూర్చుని, తలుపు కింద సందులోంచి తోశాను. ఇన్ని రోజులూ ఆ సందులోంచి ఖాళీ గిన్నెలు తప్ప ఏదీ బయటికి వెళ్లలేదు.